ఒక గుడి తేడా

ఇరవై ఆరేళ్లుగా యానాంలో
బ్రాందీ షాపుల వీధి మలుపులో బండి నాది.
తాగేవాళ్లని చూడను, వాళ్ల ఆకులు చూస్తాను.
రమ్ము వాడికి ఉడికిన గుడ్డు మీద మిరియం,
బీరు వాడికి వేళ్లకి అంటుకునేంత కారంగా మెత్తళ్లు,
ఆ పూటే జీతం అందుకున్నవాడికి పీత డెక్క.
ఏ సీసా పక్కన ఏ చేప కూర్చోవాలో
ఆకులో మిగిలినదాన్ని బట్టి నేర్చుకున్నాను.
చుక్క మాత్రం నోట్లో వేసుకోలేదు.

కార్తీకం కదండీ, బేరం పల్చన.
సగం మంది మాల వేసుకున్నారు,
మిగతా సగం పెళ్లాలకి భయపడ్డారు.
ఆ ఖాళీలో వచ్చాడు ధనకోటి,
మా ఆడపడుచు కొడుకు, ఓడలో వంటవాడు.
సంచీలోంచి సన్నపాటి సీసా తీసి
"అత్తా, పోర్చుగల్ తెల్ల వైను" అన్నాడు.
వీన్యు వెర్ద్ అట పేరు. పచ్చ వైనని అర్థమట.
దీపానికి అడ్డం పెట్టి చూశాను,
పచ్చ ఎక్కడుందీ?
ఎండుగడ్డి నానిన నీళ్ల రంగు.

"రంగు కాదత్తా, ముదరనిదని.
వాళ్లకి పచ్చకీ పచ్చికీ ఒకటే మాట."

నేను మూడో తరగతి దాకా చదివాను.
మనకైతే మధ్యలో ఒక గుడి ఉంది.

చందువాల కింద ఐసులోకి తోశాను సీసాని.
పులస ఉండగా వచ్చుంటే, అని నిట్టూర్చాడు.
వద్దులేరా, పులస ఎవరి పక్కనా కూర్చోదు.
దాని పులుసే దానికి సారా.

కొబ్బరి చిప్పల నిప్పు మీద కవళ్లు పేర్చమన్నాడు,
రాళ్లుప్పు తప్ప ఇంకేం వద్దన్నాడు.
కారం లేని చేపంటే నాకు
పేరు పెట్టకుండా పెంచిన పిల్లలా అనిపించింది.
అయినా కాల్చాను.
కొవ్వు బొట్టు నిప్పులో పడి చుయ్యిమన్నప్పుడల్లా
వాడు అక్కడి రేవు సంగతి చెబుతున్నాడు:
అక్కడా నది సముద్రంలోకి దిగేచోట
ఆడవాళ్లు వీధిలోనే చేపలు కాలుస్తారట,
పొగకి కళ్లు తుడుచుకుంటూ తిడతారట.
ఏమని తిడతారురా అంటే చెప్పలేదు.

వాడు తాగాడు, నేను ఆకు చూశాను.
కవళ్ల ముళ్లు తప్ప ఏమీ మిగల్లేదు.
ఉప్పునీళ్లలో ఉడికించిన పీత
డెక్కలు పీల్చి పీల్చి తెల్లగా చేశాడు.
చింతకాయ వేసిన చీరమేను పెడితే
రెండు పులుపులూ కాసేపు ఎడమొహం పెడమొహం,
అంతలోనే వేలువిడిచిన చుట్టరికం కలుపుకున్నాయి.
ఇక ఈ వీధికే పేరు తెచ్చిన నా రొయ్యల వేపుడు...
రెండు ముద్దలకే వైను చచ్చిపోయింది.
"నీళ్లయిపోయిందత్తా" అన్నాడు.
ఆ మిరప్పొడి దంచింది నేనే.
కాస్త గర్వంగానే ఉండింది, ఆయ్.

"ఒక్క గుక్క" అని స్టీలు గ్లాసు జరిపాడు.
అటూ ఇటూ చూశాను.
రోడ్డు మీద కుక్క తప్ప ఎవరూ లేరు.

నాలిక మీద చీమ పాకినట్టు సన్న చురుకు.
తర్వాత జామపిందె. ఆ తర్వాత
గౌతమి మీంచి వచ్చే ఉప్పుగాలి.

ఇది నాకు తెలుసు.
చీకటుండగానే చెట్టు దిగేవాడు మా నాన్న.
కొత్త కుండలో నురగ ఇంకా గుసగుసలాడుతుంటే
దొప్పలో పోసి
"ఎండ తగలకముందే తాగెయ్యి" అనేవాడు.
ఎండ తగిలితే అది మగాళ్లది.
నాది పచ్చిది.
చుక్క ముట్టలేదని ఇన్నాళ్లూ చెప్పుకున్నది
అబద్ధమండీ.

మర్నాడు లారీ సూరన్న బ్రాందీతో వచ్చి కూర్చుంటే
ఉప్పు పీత పెట్టాను, కారం చల్లకుండా.
కొరికాడు. నా మొహంలోకి చూశాడు.
"ఏం నూకరత్నం, ఒంట్లో బాలేదా?"

కారం డబ్బా వాడి ముందుకి తోశాను.
ఆ సీసా బిరడా
నా నూనె సీసాకి అతికినట్టు సరిపోయింది.